కప్ప వీపు ఇంకా బోడిగానే ఉంది

అజేలియా పూలపొదలు విరగబూశాయి. ఇక్కడ అట్లాంటా ఉత్తరాన కమ్మింగ్‌లో ఏప్రిల్ అంటేనే అది, పాత రకం జార్జ్ టేబర్ పొదలో పూల మధ్య ఆకు కనపడటం లేదు, పక్కన ఎంకోర్ అనే కొత్త రకాలు వెలవెలబోతున్నాయి (శరత్తులో మళ్లీ పూస్తాయి, నిజమే, కానీ వసంతంలో పాత రకాల ముందు అవి ఆనవు). సిమెంటు లేకుండా పేర్చిన రాతిగట్టుకి ఉత్తరం వైపు నాచు దానంతటదే కమ్ముకుంది.

అలాగే నాచు పట్టించాలని చూస్తున్న, గొడుగు పట్టుకున్న సిమెంటు కప్ప బొమ్మకి మాత్రం ఒక్క పచ్చ చుక్క లేదు!

అందరూ చెప్పే మజ్జిగ పద్ధతే చేశాను. పిడికెడు నాచు, రెండు కప్పుల బటర్‌మిల్క్ మిక్సీలో తిప్పి బ్రష్‌తో పూస్తే బూడిదరంగు బూజు, పుల్లటి కంపు, చీమలు. ఉత్త వాననీళ్లతో కలిపి పూస్తే బూజు రాలేదు, నాచూ రాలేదు. ఎండ ఎక్కువా అంటే పొద్దున గంటన్నరే, గట్టుకి అంతకంటే ఎక్కువ తగులుతుంది. చివరికి గొడుగు గుంటలో నిలిచిన వాననీళ్లలో పీహెచ్ పట్టీ (7 కంటే తక్కువ చూపిస్తే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) ముంచితే 9! గట్టు రాళ్ల మధ్య నీళ్లు 6. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరుతూనే ఉంటుంది, కప్ప పొట్ట మీద తేలే తెల్లటి పొర అదే. దాని కింద ఉన్న అజేలియాకి ఒక్కదానికే ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలాయి. జార్జియా ఎర్రమట్టి మామూలుగా ఆమ్లగుణమే, అజేలియాకి 4.5 నుంచి 6 మధ్య ఉంటే చాలు, అక్కడ మాత్రం 7కి దగ్గరగా ఉంది.

ఒక వంతు వెనిగర్‌కి పది వంతుల నీళ్లు కలిపి కప్పని కడిగితే 7కి దిగింది, గట్టి వాన పడగానే మళ్లీ 8.5. పైన కడిగితే లోపలి సున్నం ఎక్కడికి పోతుంది? ఇంకో అనుమానం నాచు రకం మీద. నేను పూసింది చెట్ల కింద నేల మీద పెరిగేది, దానికి ఆమ్లపు నేల కావాలి. డ్రైవ్‌వే బీటల్లో వెండిరంగుతో మెరిసే బ్రయం అర్జెంటియం అనే నాచు సిమెంటు మీదే హాయిగా బతుకుతోంది కదా, ఈసారి దాన్నే పలచటి బంకమట్టితో కప్ప వీపు మీద అద్దుతాను. కప్పని అజేలియాకి దూరంగా జరిపి, ఆ మొక్క మట్టిలో ఆమ్లగుణం పెరగడానికి కొంచెం గంధకం, పూలు రాలాక హోలీటోన్ ఎరువు వేస్తాను. కత్తిరింపులన్నీ జులైకి ముందే అయిపోవాలి, లేకపోతే వచ్చే ఏడు మొగ్గలు పోతాయి.

తర్వాతి బొమ్మ మాత్రం సిమెంటుది కొనను. ఆళ్లగడ్డలో రాతి శిల్పుల్ని అడగమని అన్నయ్యకి చెప్పాను, పుస్తకం చదువుతున్న కుందేలు, రెండడుగుల లోపు. ఓడలో తెప్పించే ఖర్చు సంగతి అలా ఉంచితే, వాళ్లు అలవాటుగా అద్దంలా నునుపు చేసి పంపకుండా ఉలి గాట్లు అలాగే వదలమని ముందే గట్టిగా చెప్పాలి, నునుపు రాయికి నాచు పట్టదు.