విట్‌మన్‌ని కారులో వేసుకుని ఊరూరా తిరిగాం

మా సినిమా హీరో పోయి అప్పటికే 127 ఏళ్లు. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఆయన నడుస్తున్న షాట్ ఒక్కటైనా పెడదామంటే, సినిమా కెమెరాలు ఊళ్లలోకి రాకముందే, 1892లోనే కన్నుమూశాడు. ఉన్నవల్లా పాత ఫొటోలు, ఉత్తరాలు, ఆయన తిరిగిన ఊళ్లు, ఆయన గురించి మాట్లాడేవాళ్లు. అమెరికన్ కవి వాల్ట్ విట్‌మన్ మీద గంటన్నర లోపు డాక్యుమెంటరీ. నేను దాని ఎడిటర్ని. తీసినావిడ సాహిత్యం టీచర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొన్ని చిన్న ఫెస్టివల్స్‌లో వేశారు, చప్పట్లు కొట్టారు, డిస్ట్రిబ్యూటర్ మాత్రం ఎవరూ రాలేదు. దాంతో సినిమాని మేమే తిప్పాలని అనుకున్నాం. ఆవిడ మాట్లాడాలి, నేను బుకింగ్‌లు, లెక్కలు, డ్రైవింగ్ చూసుకోవాలి. మా ఇల్లు న్యూజెర్సీలో కాబట్టి విట్‌మన్ ఊళ్లన్నీ కారు దూరంలోనే ఉన్నాయి.

సమయం కూడా కలిసొచ్చింది. విట్‌మన్ పుట్టింది 1819 మే 31న, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని వెస్ట్ హిల్స్‌లో. అంటే 2019 ద్విశతాబ్ది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, మోర్గన్ లైబ్రరీ, గ్రోలియర్ క్లబ్ అన్నీ ఆ ఏడు విట్‌మన్ ఎగ్జిబిషన్లు పెట్టాయి. చిక్కేమిటంటే అందరికీ సినిమా మే నెలాఖరులోనే కావాలి. జూలైలో వేసుకోండి అంటే ఫోన్లో అవతలి గొంతు నీరసపడిపోయేది.

ముందు థియేటర్లకు ఫోన్లు చేశాం. ఆర్ట్ సినిమాలు వేసే చిన్న హాళ్లవాళ్లు మర్యాదగానే మాట్లాడతారు, కానీ ఇచ్చేది సోమవారం రాత్రో మంగళవారం రాత్రో. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, టికెట్ల డబ్బులో మనకు వాటా. మాకు చాలాచోట్ల 35 శాతం అన్నారు. రెండోది, హాలు మొత్తం అద్దెకు తీసుకుని టికెట్లు మనమే అమ్ముకోవడం, లాభనష్టాలు మనవే. మొదటి పద్ధతిలో లెక్క వేసి చూడండి. పన్నెండు డాలర్ల టికెట్, నలభైమంది వచ్చారనుకుంటే 480 డాలర్లు. అందులో మన వాటా 168. పెట్రోలు, టోల్, ఆలస్యమైతే మోటెల్. అయిపోయింది. ఒక థియేటర్ ఆ వాటా కూడా పంపకుండా 'అకౌంట్స్‌వాళ్లకు చెప్పాం' అంటూ నెలలు గడిపింది. దాని పేరు వద్దులెండి.

మాకు డబ్బు వచ్చింది టికెట్లు అమ్మని చోట్ల నుంచి. అమెరికాలో లైబ్రరీ అయినా, కాలేజీ అయినా, చర్చి హాలైనా, ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కు తెచ్చి పదిమందికి వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. బహిరంగ ప్రదర్శన హక్కు విడిగా కొనాలి. ఆ లైసెన్స్‌కి మేం చిన్న లైబ్రరీల దగ్గర 200 డాలర్లు తీసుకున్నాం, యూనివర్సిటీల దగ్గర అంతకంటే ఎక్కువ. డైరెక్టర్ వచ్చి మాట్లాడితే దానికి వేరే రుసుము. చాలా లైబ్రరీలకు ఈ డబ్బు 'ఫ్రెండ్స్ ఆఫ్ ది లైబ్రరీ' అనే సభ్యుల సంఘం ఇస్తుంది. పాత పుస్తకాలు డాలరుకొకటి అమ్మి కూడబెట్టిన డబ్బు అది. కొన్నిచోట్ల సాహిత్యం, చరిత్ర లాంటివాటికి సాయం చేసే రాష్ట్ర హ్యుమానిటీస్ కౌన్సిల్ చిన్న గ్రాంటు ఇస్తుంది. దానికి దరఖాస్తు కొన్ని నెలల ముందే పెట్టాలి. ఈ సంగతి తెలిశాక మా క్యాలెండరే మారిపోయింది.

క్రమంగా ఫోన్లో నేనడిగే మొదటి ప్రశ్న కూడా మారింది. మొదట్లో 'మీ హాల్లో ఎన్ని సీట్లు' అనేదాన్ని. తర్వాత 'ఈ సినిమా మీ ఊరికి రావాలని పట్టుబట్టింది ఎవరు' అని అడగడం మొదలుపెట్టాను. జవాబుగా ఒక పేరు వస్తే, ఆ ఊరు ఎంత చిన్నదైనా జనం వచ్చేవారు. 'మా ప్రోగ్రామింగ్ కమిటీ' అంటే ముందు రెండు వరుసలు కూడా నిండేవి కావు. ఒక ఊళ్లో పట్టుబట్టిన మనిషి రిటైరైన నర్సు. అంతర్యుద్ధం రోజుల్లో విట్‌మన్ వాషింగ్టన్ సైనిక ఆస్పత్రుల్లో తిరిగాడని ఆవిడ ఎక్కడో చదివారు. 1862 డిసెంబర్‌లో తమ్ముడు జార్జ్ ఫ్రెడెరిక్స్‌బర్గ్ దగ్గర గాయపడ్డాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్లిన మనిషి, తమ్ముడికి పెద్ద దెబ్బ కాదని తెలిశాక కూడా ఇంటికి పోలేదు. గాయపడ్డవాళ్ల మంచాల పక్కన కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టాడు, నారింజలు, పొగాకు, కాగితాలు, స్టాంపులు పంచాడు. ఒక ఆస్పత్రిలో వార్డులన్నిటికీ ఐస్‌క్రీమ్ తినిపించాడు. ఆ నర్సుగారు తన పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేశారు. హాలు నిండా నర్సులే. కవిత్వం గురించి ఒక్క ప్రశ్న రాలేదు. గాయాలు కుళ్లిపోయే గాంగ్రీన్ గురించి మాత్రం చాలా వచ్చాయి!

మా డైరెక్టర్‌కి అన్నిటికంటే కష్టం ప్రచారం. 'మా సినిమా బాగుంటుంది, రండి' అని రాయడానికి ఆవిడకి చెయ్యి వచ్చేది కాదు. అప్పుడు ఆవిడకు ఆవిడ సినిమానే గుర్తుచేసేదాన్ని. 1855లో తన కవితల పుస్తకం 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మొదటి ముద్రణ విట్‌మన్ సొంత ఖర్చుతో వేసుకున్నాడు. బ్రూక్లిన్‌లో తెలిసినవాళ్ల ప్రెస్సులో కొన్ని పేజీలకు అక్షరాలు కూడా తనే కూర్చాడు. పన్నెండు కవితలు, 95 పేజీలు, సుమారు 800 కాపీలు. అమ్ముడుపోకపోతే పేరు పెట్టకుండా తన పుస్తకానికి తనే రివ్యూలు రాసి పత్రికల్లో వేయించుకున్నాడు. అందులో ఒకటి 'ఎట్టకేలకు ఒక అమెరికన్ కవి!' అంటూ మొదలవుతుంది. అప్పటికే పెద్ద పేరున్న రచయిత ఎమర్సన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, అడగకుండానే అందులోని వాక్యాన్ని రెండో ముద్రణ వీపు మీద బంగారు అక్షరాలతో కొట్టించాడు. ఇలాంటి మనిషి మీద సినిమా తీసి, పోస్టర్ అంటించడానికి మొహమాటపడితే ఎలా? ఆవిడ నవ్వి నాలుగు మెయిల్స్ పంపేవారు, ఐదోదానికి మళ్లీ మామూలే.

ఇక సాంకేతిక గొడవలు. థియేటర్లకు సినిమా డీసీపీ రూపంలో వెళ్తుంది. హార్డ్‌డిస్క్‌లో వంద గిగాబైట్ల దాకా ఉండే ఫైళ్లు అవి, థియేటర్ సర్వర్ మాత్రమే సరిగ్గా చదువుతుంది. ఆ డిస్కుని మామూలుగా లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తారు. విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే 'ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా' అని పెట్టె వస్తుంది. ఒక కాలేజీలో మంచి ఉత్సాహమున్న కుర్రాడు మౌస్ ఆ 'ఎస్' మీదికి తీసుకెళ్తుంటే నేను గది అవతల నుంచి అరిచిన అరుపు మా అమ్మకు తెనాల్లో వినపడి ఉంటుంది. ఆ తర్వాత డిస్కు మీద ఎర్ర అక్షరాలతో 'ల్యాప్‌టాప్‌కి పెట్టొద్దు' అని స్టిక్కర్ అంటించాను. లైబ్రరీలకు ఈ గొడవ లేదు, బ్లూరే చాలు. అక్కడ ఉండే గొడవ రిమోట్ కనపడకపోవడం. బ్లూరే ఒకటి, అదే సినిమా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, సొంత ల్యాప్‌టాప్, రకరకాల కేబుళ్లు నా సంచిలో ఎప్పుడూ ఉండేవి. షో టైముకి గంటన్నర ముందు వెళ్లి, మొదటి ఐదు నిమిషాలు, మధ్యలో ఐదు, చివర ఐదు వేసి చూసేదాన్ని.

మధ్యలో ఆ ఐదు నిమిషాలకు ఒక కారణముంది. విట్‌మన్ గొంతని చాలామంది నమ్మే రికార్డింగ్ ఒకటుంది. మైనపు సిలిండర్ మీద పట్టిన 36 సెకన్ల ముక్క. 'అమెరికా' అనే చిన్న కవితలో నాలుగు పాదాలు వినిపిస్తాయి. అది నిజంగా ఆయన గొంతేనా అన్న వాదన ఇంకా ఉంది, సినిమాలో కూడా ఆ మాట చెప్పాం. సమస్య వాదన కాదు, శబ్దం. గరగర, బుసబుస, వాటి మధ్య ఎక్కడో ఒక ముసలి గొంతు. ఎడిటింగ్‌లో ఆ గరగరని తగ్గించకుండా ఉంచాలని పట్టుబట్టింది నేనే, ఇప్పటికీ అదే నా మాట. శుభ్రం చేస్తే గొంతు కూడా పలచబడుతుంది. కానీ ఆ చోటు రాగానే ఆపరేటర్లు స్పీకర్ పాడైందనుకుని వాల్యూమ్ తగ్గించేసేవారు. ఒకచోట సినిమానే ఆపేశారు. దాంతో ప్రతి హాలుకీ ముందుగానే ఒక కాగితం పంపడం మొదలుపెట్టాం. ఫలానా నిమిషంలో గరగర వస్తుంది, అది సినిమాలో భాగం, దయచేసి ఏమీ ముట్టుకోవద్దు అని. అయినా నేను వెళ్లి ఆపరేటర్ పక్కన నిలబడేదాన్ని.

హక్కుల విషయం విట్‌మన్ వరకు హాయి. ఆయన కవితలకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరుకుతాయి. అయితే విట్‌మన్‌కి జవాబు చెప్పిన కవులు కూడా సినిమాలో ఉన్నారు. 'నేనూ అమెరికానే' అన్న నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత 1925 నాటిది, 2019లో ఇంకా కాపీరైట్‌లోనే ఉంది. మేం మొదట తీసుకున్నది ఫెస్టివల్ హక్కు మాత్రమే, అది చవక. ఊరూరా డబ్బు తీసుకుని వేయాలంటే హక్కుని పెంచుకోవాలి, మళ్లీ కట్టాలి. సంగీతానికీ ఇదే తంతు. ఇలాంటి సినిమా తీస్తున్నవాళ్లెవరైనా అడిగితే, ఫెస్టివల్ హక్కు రాయించుకునే రోజే తర్వాతి మెట్టుకి ఎంతవుతుందో కూడా ఒప్పందంలో రాయించుకోమని చెప్తాను. తర్వాత అడిగితే రేటు వాళ్ల ఇష్టం.

ఒక హైస్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. సినిమా వేస్తాం, కానీ మగవాళ్ల మధ్య ప్రేమ గురించి ఆయన రాసిన కవితల భాగం తీసేసి పంపగలరా అని. సాంకేతికంగా అది నాకు పది నిమిషాల పని. డైరెక్టర్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. 1882లో బోస్టన్ ప్రాసిక్యూటర్ 'లీవ్స్ ఆఫ్ గ్రాస్'ని అశ్లీలమన్నప్పుడు విట్‌మన్ కొన్ని మాటలు మార్చడానికి మొదట ఊ అన్నాడు. తీసేయాల్సినవాటి పూర్తి జాబితా చూశాక కుదరదన్నాడు. పబ్లిషర్ పుస్తకం ఆపేశాడు. అదే పుస్తకం ఫిలడెల్ఫియాలో వేస్తే మొదటి ముద్రణ ఒక్కరోజులో అమ్ముడైంది. ఆ గొడవ తర్వాత పెరిగిన రాబడికి కొంత అప్పు కలిపి 1884లో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో 1,750 డాలర్లకు ఇల్లు కొనుక్కున్నాడు. ఆయన సొంతమంటూ కొనుక్కున్న ఇల్లు అదొక్కటే. మాకు అంత అదృష్టం పట్టలేదు. స్కూల్‌వాళ్లు ఆలోచించుకుని, పగలు పిల్లలకు కాకుండా సాయంత్రం పెద్దలకు వేశారు. పిల్లల్లో కొందరు అమ్మానాన్నలతో వచ్చారు.

సినిమా తర్వాతి ప్రశ్నల్లో మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టినవి నల్లజాతివారి గురించి అడిగినవి. పారిపోయి వచ్చిన బానిసకు ఇంట్లో చోటిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నట్టు కవితలో రాసిన మనిషే, యుద్ధం తర్వాత నల్లవారి ఓటు హక్కు గురించి నీచంగా మాట్లాడాడు. సినిమాలో దానికి ఇచ్చిన నిడివి చాల్లేదని ఒక నల్లజాతి పెద్దావిడ నిలబడి చెప్పారు. డైరెక్టర్ సమర్థించుకోలేదు. ఆ తర్వాతి షోల నుంచి చర్చను తనే అక్కడి నుంచి మొదలుపెట్టేవారు. విట్‌మన్ లోపాలన్నీ తెలిసీ జీవితాంతం ఆయన్ని వదలని హ్యూస్ గురించి చెప్పేవారు. గొప్ప కళాకారులు ఎప్పుడూ మంచివాళ్లే కానక్కర్లేదని హ్యూస్ 1953లో పత్రికలో రాశాడు కూడా. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఆ చర్చలు హాలు మూసేవేళ దాటిపోయేవి.

న్యూజెర్సీలోనే ఎడిసన్ అనే ఊరి వైపు మన తెలుగువాళ్లు కొందరు సాహిత్యం కోసం కలుస్తుంటారు. వాళ్లకీ ఒకసారి వేశాం. సమోసాలు, టీ, వెనక పిల్లల పరుగులు. షో అయ్యాక ఒక పెద్దాయన లేచి, "ఛందస్సు వదిలేస్తే దీన్ని కవిత్వమని వాళ్లెలా ఒప్పుకున్నారమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఏ ఊళ్లోనూ ఎవరూ ఇది అడగలేదు. ఒప్పుకోలేదు బాబాయ్ గారూ, విట్టియర్ అనే కవి తన కాపీని మంటలో పడేశాడని చెప్తారు అన్నాను. ఇక చూడండి, వచన కవిత మీద మన దగ్గర జరిగిన పాత తగాదాలన్నీ ఆ హాల్లోకి వచ్చేశాయి. శ్రీశ్రీ, కుందుర్తి, తిలక్, ఎవరి పక్షం వాళ్లది. బైబిల్ వాక్యాల లయ, ఇటాలియన్ ఒపెరా విని పట్టుకున్న ఊపు, ఇవే విట్‌మన్‌కి ఛందస్సని డైరెక్టర్ చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. అమెరికన్లు ఆయన ఎలా బతికాడని అడిగారు, మనవాళ్లు ఎలా రాశాడని అడిగారు. ఆ రాత్రి డైరెక్టర్ కారెక్కగానే, ఇలాంటి ప్రేక్షకులు ఇంకెక్కడున్నారని అడిగారు.

తిరిగిన దారుల్లో ఆయన పేరు ఎక్కడపడితే అక్కడ కనిపించేది. డెలవేర్ నది మీద వంతెన, పుట్టిన ఇంటి దగ్గర షాపింగ్ మాల్, న్యూజెర్సీ టర్న్‌పైక్ హైవే మీద చెర్రీ హిల్ దగ్గర సర్వీస్ ఏరియా. అక్కడే ఆగి కాఫీ తాగేవాళ్లం. ఆ వంతెనకు ఆయన పేరు పెట్టొద్దని 1950ల్లో కామ్డెన్ క్యాథలిక్కులు గట్టిగానే వ్యతిరేకించారు. ఇప్పుడు ట్రాఫిక్ వార్తల్లో తప్ప ఆ పేరు ఎవరూ పట్టించుకోరు.

2020 ఏప్రిల్‌కి చాలా బుకింగ్‌లు పెట్టుకున్నాం. అమెరికాలో ఏప్రిల్‌ని కవిత్వ మాసంగా జరుపుతారు, లైబ్రరీల దగ్గర బడ్జెట్ ఉంటుంది. మార్చిలో కోవిడ్‌తో అన్నీ మూతపడ్డాయి. అడ్వాన్సులు కొందరికి వెనక్కిచ్చాం, మిగతావాళ్లకు పాస్‌వర్డ్ ఉన్న లింకు పంపి, చర్చ జూమ్‌లో పెట్టాం. పెట్రోలు ఖర్చు లేదు కాబట్టి మొదటిసారి లెక్కల్లో నాలుగు డాలర్లు మిగిలాయి. తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలకు సినిమాలిచ్చే ఒక సంస్థ మూడేళ్ల లైసెన్స్ పద్ధతిలో తీసుకుంది. ఇప్పుడు మెయిల్స్ వాళ్లే చూసుకుంటారు, మాకు ఏడాదికి రెండుసార్లు స్టేట్‌మెంట్ వస్తుంది. ఆ థియేటర్ చెక్కు మాత్రం ఇంకా అకౌంట్స్‌వాళ్ల దగ్గరే ఉంది.