బొంత కోసం పెడన దాకా

బందరు (మచిలీపట్నం) పక్కన, కలంకారీ అచ్చు గుడ్డలకి పేరున్న పెడన ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళందరికీ "బొంతకి గుడ్డ కోసం" అని చెప్పి చెప్పి విసుగొచ్చింది. హైదరాబాదులో గుడ్డ దొరకదా అని వెంటనే ఇంకో ప్రశ్న. దొరుకుతుంది. దొరికినదానికి నేను రంగులు వేయబోవడంతోనే వచ్చింది చిక్కంతా.

అప్పటికి మా చెల్లెలికి ఏడో నెల నడుస్తోంది. పుట్టబోయే బిడ్డకి మా సూర్యాపేట అమ్మమ్మ కుట్టినలాంటి అతుకుల బొంత ఒకటి కుట్టివ్వాలని నాకు పట్టుకుంది. అమ్మమ్మకి రంగుల టెన్షన్ ఎప్పుడూ లేదు, మెత్తబడ్డ పాత చీరలు పొరలుగా పరిచి, మూలలకి పప్పు డబ్బాలు బరువు పెట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక కుట్టుకుంటూ పోయేది. నేను అంతటితో ఊరుకుంటానా. వీడియోలు చూసి బీట్‌రూట్ ఉడకబెట్టి తెల్ల కాటన్ ముక్కలు ముంచాను. ఏం గులాబీ రంగు అది! రెండో ఉతుక్కి పాత బనీను రంగుకొచ్చింది. పసుపు వేసినవి నాలుగు రోజులు బాల్కనీ ఎండలో ఉండేసరికి పాలిపోయాయి. "కూరలో వేసినా తినేవాళ్ళం కదా" అన్నారు మా ఆయన. ఆ మాటకే సగం బయల్దేరాను అనుకోండి.

విజయవాడలో బందరు బస్సెక్కాను. ఉయ్యూరు దాకా నిలబడ్డాను, అక్కడ ఒక మామ్మగారి పక్కన సీటు దొరికింది. ఆవిడ ఒళ్ళో అరిటాకుల కట్ట, కాళ్ళ దగ్గర నూనె డబ్బా. ఎక్కడికి, ఎందుకు, పిల్లలెందరు, అన్నీ రాబట్టింది. బొంత సంగతి విని ఒక నిమిషం నా మొహంలోకి చూసి, "బొంతకి డబ్బులు పెట్టి కొత్త గుడ్డ కొంటావా? కొత్త గుడ్డ పసిపిల్లకి గీసుకుంటుందమ్మాయ్. పైన నీ సోకు కొద్దీ ఏదన్నా వేసుకో, ఒంటికి తగిలే వైపు మాత్రం పాత చీరే పెట్టు" అంది. అక్కడితో ఆగలేదు. ఒత్తుగా కుడితే ఉతికినా ఆరదని, దారం మరీ బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుందని, పామర్రు వచ్చేదాకా చెబుతూనే ఉంది. దిగేటప్పుడు నా చేతికి ఒక జామకాయ ఇచ్చి వెళ్ళిపోయింది. ఈ ప్రయాణం మొత్తానికి పైసా ఖర్చు లేకుండా దొరికినవి ఆ సలహా, ఆ జామకాయ.

ఎందుకంటే బందరులో దిగగానే ఖర్చు మొదలైంది. పెడన ఎంతో దూరం లేదు, షేర్ ఆటోలో పోవచ్చు, కానీ నా భుజాన కెమెరా సంచీ చూసి రెండొందలన్నాడు. బేరమాడి నూట యాభైకి దించాను. వచ్చేటప్పుడు అదే దారిలో ఇరవై ఇచ్చాను.

పెడనలో మొదట చూసిన రెండు మూడు షాపుల్లో నీరసం వచ్చింది. కలంకారీ అని రాసి ఉంది, లోపల చాలావరకు స్క్రీన్ ప్రింటే. గుడ్డ తిరగేసి చూస్తే వెనక తెల్లగా ఉంది. అడిగితే "అదే డిజైన్ కదండీ" అన్నారు. డిజైన్ అదే, నిజమే. నాకు కావలసింది డిజైన్ కాదు, ఉతికితే ఉండే రంగు. ఒకచోట మాత్రం "పూర్తిగా చెట్ల రంగులే మేడమ్" అని ఒట్టేసి మరీ చెప్పారని నీలం గుడ్డ రెండు మీటర్లు కొన్నాను. దాని కథ చివర్లో చెబుతా.

మధ్యాహ్నం పైన ఒక అచ్చు పని చేసే షెడ్డు దొరికింది. బయటికే దెబ్బల చప్పుడు వినిపిస్తోంది, ఠప్, ఠప్, మళ్ళీ కాస్త ఆగి ఠప్. లోపల పొడుగాటి బల్లలు, వాటి మీద గోనెపట్టాలు, గుడ్డలు పొరలుగా పరిచి మెత్తగా చేసిన పరుపు. అతను టేకు అచ్చుని రంగు తట్టలో అద్దుతాడు, గుడ్డ మీద పెడతాడు, పిడికిలితో రెండు దెబ్బలు వేస్తాడు, తీస్తాడు. పక్క అచ్చు అంచుకి అంచు కలవాలి. గీతలు గీసుకోలేదు, స్కేలు లేదు, కంటితోనే. షెడ్డంతా పులిసిన బెల్లం వాసన. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం కలిపి కుండలో రోజుల తరబడి ఊరబెడతారు, ఆ నీళ్ళే నలుపు.

అక్కడ పెద్దాయన్ని బాబాయ్‌గారూ అని పిలిచాను. నా బీట్‌రూట్ కథ విని నవ్వలేదు, అదే మర్యాద. "రంగు పట్టుకోడానికి గుడ్డలో ఏం ఉందని పట్టుకుంటుందమ్మా" అని ఒక తొట్టి చూపించారు. కరక్కాయ పొడి కలిపిన నీళ్ళు. నేసిన గుడ్డని ముందు ఉడికించి గంజీ జిడ్డూ వదలగొట్టి అందులో ముంచి ఎండబెడతారు, లేత పసుపు రంగుకి తిరుగుతుంది. కరక్కాయలో వగరుంది కదా, ఆ వగరు గుడ్డని అంటుకుంటుంది, దాన్ని ఇనుము తాకితే నలుపు, పటిక తాకిన చోట తర్వాత ఎరుపు. కాళహస్తిలో కలంతో గీసేవాళ్ళయితే గేదెపాలు కూడా కలుపుతారు, పాలలో వెన్న ఉంటే గీత పాకదని. మా వైపు పోచంపల్లిలో నూలుకే ముడులు కట్టి రంగు ముంచి తర్వాత నేస్తారు, అది చూసి పెరిగినదాన్ని కాబట్టి రంగంటే ముంచగానే కనపడేది అనుకున్నాను. ఇక్కడ పటిక అచ్చు కొడితే ఏమీ కనపడదు. తుమ్మబంక కలిపిన పటిక నీళ్ళు, తడి ఆరితే గుడ్డ ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. ఎక్కడ కొట్టారో తెలియడానికి కాసింత కావిరంగు కలుపుతారు, అది ఉతికితే పోయేదే.

నన్నూ కొట్టమన్నారు. మామిడిపిందె అచ్చు, అరచేతి కంటే చిన్నది. ఆరు ముక్కలు కొట్టాను, ఒక్కటీ వరసలో రాలేదు. పిడికిలి నొప్పి వేరే. ఆరో ముక్క దగ్గర అచ్చు జారుతుంటే బొటనవేలితో ఆపాను, వేలికి పటిక తడి ఉంది. గుడ్డ మీద వేలు పడ్డచోట ఏమీ కనపడలేదు, నేనూ ఏమీ అనలేదు. పనిచేసే కుర్రాడు చూశాడు. "కనపడలేదుగా" అన్నాను. "ఉడికాక కనపడుద్దిలే అక్కా" అన్నాడు.

అచ్చు ఆరి, పారే నీళ్ళలో జాడించి, అప్పుడు ఉడకాలి. అంటే ఇంకో రెండు రోజులు. బందరులో లాడ్జి, దోమలు, బందరు లడ్డు (ఇంటికి కిలో అనుకుని రెండు కిలోలు), మంగినపూడి బీచ్‌లో ఒక సాయంత్రం. బందరుకోట వైపు కూడా వెళ్ళాను. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఈ తీరానికి వచ్చింది బట్టల కోసమే. ఇక్కడి పూలచెట్ల దుప్పట్లు యూరప్‌లో మంచాల మీద పరుచుకునేవాళ్ళు, మధ్యలో దూది పెట్టి బొంతలుగా కుట్టుకునేవాళ్ళు, దెబ్బకి అక్కడి నేతగాళ్ళు గోల పెడితే ఫ్రాన్సులో 1686లో వీటిని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. గుడ్డ ఖరీదెక్కువని కొందరు పూలూ పిట్టలూ మాత్రం కత్తిరించి సాదా గుడ్డ మీద అతికి కుట్టుకునేవాళ్ళట. అది గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. మీటరు రెండొందల ఎనభై పెట్టి బొంతంతా కలంకారీ వేసే స్తోమత నాకూ లేదు.

మూడో రోజు పొద్దున్నే వెళ్ళేసరికి రాగి కాగు కింద కట్టెలు మండుతున్నాయి. నీళ్ళలో జాజి ఆకు, అలిజరిన్ అనే ఫ్యాక్టరీ ఎర్ర రంగు. పాతకాలంలో చిరువేరు అనే మొక్క వేరు వాడేవాళ్ళు, ఇప్పుడు అలిజరినే అని బాబాయ్‌గారు దాచకుండా చెప్పారు. వేరునుంచే రంగు వస్తుందని ఊహించుకుని వెళ్ళినదాన్ని, కాసేపు మొహం మాడింది. కానీ ఇద్దరు మనుషులు పొగలో కళ్ళు నులుముకుంటూ కర్రలతో గుడ్డని పైకీ కిందకీ తిప్పుతుంటే ఆ మాట మర్చిపోయాను. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఏమీ లేని గుడ్డ మీద పిందెలు మొదట ఇటుక రంగులో, తర్వాత ఎర్రగా తేలాయి. ఖాళీ జాగా కూడా గులాబీగా మారితే పాడైపోయిందనుకున్నాను. తడిపి ఎండలో పరుస్తూ, ఆరకముందే మళ్ళీ నీళ్ళు చల్లుతూ ఉంటే ఆ గులాబీ వదిలిపోతుందట, పటిక ఉన్నచోట ఎరుపు మాత్రం కదలదు.

నా ఆరో ముక్క కర్ర మీదికి వచ్చింది. పిందె పక్కన ఎర్రగా నా బొటనవేలు. మరక కాదు, వేలిముద్ర, గీతలతో సహా. రిజిస్ట్రారు ఆఫీసులో కూడా అంత స్పష్టంగా పడలేదు నాది. కుర్రాడు పగలబడి నవ్వాడు.

నలుపు ఎక్కువ ఉన్న గుడ్డ అడిగితే బాబాయ్‌గారే వద్దన్నారు. ఇనుము మందంగా పడిన చోట ఏళ్ళు గడిచాక నూలు చీకిపోతుందట, ఉతుకులు ఎక్కువ పడే బొంతకి సన్న గీత చాలన్నారు. అమ్ముకునే మనిషి అమ్మకం తగ్గించుకుని చెప్పిన మాట, అందుకే వినేశాను.

ఇంటికొచ్చాక అన్నీ విడివిడిగా తెల్ల గుడ్డ ముక్కతో కలిపి నానబెట్టాను. పెడన ఎరుపు తెల్లముక్కకి ఏమీ అంటించలేదు. ఒట్టేసి అమ్మిన ఆ నీలం మాత్రం బకెట్టంతా సిరా చేసి, మా ఆయన బనీను కూడా కలుపుకుంది. ఆయన ఈసారి ఏమీ అనలేదు, బనీను పట్టుకుని చూపించారంతే. ఆ రెండు మీటర్లు ఇప్పుడు ఇస్త్రీ బల్ల కింద పరిచాను.

బొంత సగం పైన అయింది. పిందెలు కత్తిరించి గోధుమ రంగు సాదా గుడ్డ మీద అతికాను, ఒంటికి తగిలే వైపు మామ్మగారు చెప్పినట్టు అమ్మ పాత వెంకటగిరి చీర. కరక్కాయ పట్టిన గుడ్డ గట్టిగా ఉంటుంది, మూడు పొరలు దాటేసరికి సూది వంకరపోతోంది, ఇప్పటికి రెండు విరిగాయి. వేలిముద్ర పడిన ముక్క వాడొద్దనుకున్నాను. చెల్లెలు ఫోటోలో చూసి అదే నడిమధ్య వేయమంది. వేశాను. ఇంకా రెండు అంచులు మిగిలాయి, డెలివరీకి ఇరవై రోజులే ఉంది, దారం చూస్తే ఒక్క ఉండ కూడా లేదు.