పాత జాజ్, ఉప్పు రోడ్లు: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఈ చలికాలం కారు పని

అక్టోబరు

మాది 2007 హోండా జాజ్, 1.4 పెట్రోలు, మాన్యువల్ గేరు. లక్ష మైళ్ళకు దగ్గర పడింది. ఇంజిన్ గురించి బెంగ లేదు. ఎంత చలిలోనైనా తాళం తిప్పగానే అందుకుంటుంది. సిలిండరుకు రెండేసి చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులుండే రకం ఇది, మార్చే రోజు వస్తే ఎనిమిదీ కొనుక్కోవాలి, అంతే. అందుకని ఈ చలికాలం వారాంతాలన్నీ ఇంజిన్‌కి కాకుండా బాడీకి, అడుగు భాగానికి పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఈ దేశంలో చక్కగా నడుస్తున్న ఇంజిన్‌తోనే ఎన్నో కార్లు స్క్రాప్‌కి పోతున్నాయి. వాటిని తినేసేది తుప్పు.

కొత్తది కొనొచ్చుగా అని మా వాళ్ళందరూ అడుగుతారు. నాకు ఈ కారంటే ఇష్టం. వెనక సీట్లు నేల దాకా మడుచుకుపోతాయి, బీరువా పట్టినంత చోటు వస్తుంది. పైగా లండన్‌లో యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే కార్లకు రోజువారీ రుసుం వేసే ప్రాంతం) గొడవ లేదు. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ, అంటే నగరంలోని పాలనా విభాగాలన్నిటికీ యూలెజ్ వర్తిస్తోంది. ప్రమాణం అందుకోని కారుకి రోజుకు పన్నెండున్నర పౌండ్లు. పెట్రోలు కారుకి యూరో 4 అనే పొగ ప్రమాణం చాలు, డీజిల్‌కైతే యూరో 6 ఉండాలి. అందువల్ల 2012 నాటి డీజిల్ కారు డబ్బు కడుతుంటే, దానికంటే పాతదైన నా జాజ్ హాయిగా లండన్‌లోని హారో దాకా వెళ్ళొస్తోంది. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు కారు ఎంఓటీ (ఏటా చేయించాల్సిన కారు తనిఖీ) చరిత్ర మొత్తం తీశాను. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ ప్లేట్ కొడితే చాలు, పైసా ఖర్చు లేకుండా ప్రతి ఏడాది టెస్టు ఫలితం, మైలేజీ, టెస్టర్ రాసిన మాటలు కనిపిస్తాయి. కారు కొనేటప్పుడు కూడా అమ్మేవాళ్ళ మాటకంటే ముందు చూడాల్సింది ఇదే. 2018 మే నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడగొడుతున్నారు. మొదటి రెండింట్లో ఏదున్నా ఫెయిలే. మైనర్ అయితే పాసైనట్టే. అడ్వైజరీ అంటే ఇప్పటికి ఫరవాలేదు, ఒక కన్నేసి ఉంచు అని. నేను ఎక్కువగా చదివేది ఈ అడ్వైజరీలనే. వరుసగా నాలుగేళ్ళవి పక్కపక్కన పెట్టి చూస్తే కారు ఎక్కడ అరుగుతోందో తెలిసిపోతుంది. నా దాంట్లో వెనక బ్రేక్ పైపులకు కొద్దిగా తుప్పు అన్న మాట ఏటా వస్తూనే ఉంది. మధ్యలో ఒక ఏడాది ‘కొద్దిగా’ అన్నది మాయమై ఉత్త ‘తుప్పు’ మిగిలింది. ఈ సీజన్లో ఆ పని తప్పదని అప్పుడే అర్థమైంది.

నవంబరు

వానలు పట్టుకున్నాయి. పొద్దున్నే అద్దాలన్నీ లోపలి వైపు నుంచి చెమర్చి ఉంటున్నాయి. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీస్తే ఆ గుంటలో నీళ్ళు. మొదటి తరం జాజ్‌లకు ఇది పేరుమోసిన జబ్బు. నీళ్ళు రావడానికి ముఖ్యంగా మూడు దారులు: పైకప్పు అంచున నల్ల ప్లాస్టిక్ పట్టీ కింద పాతబడి పగిలిన సీలెంటు, వెనక లైట్ల వెనకున్న గ్యాస్కెట్, బంపర్ లోపల గాలి బయటికి పోవడానికి పెట్టిన రెక్కలు. మూడింటికీ ఒకేసారి సీలెంటు పూసేస్తే పోలేదా అంటారు కొందరు. నాకది నచ్చదు. ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా పూస్తే, ఆగిందనుకున్న నీళ్ళు వచ్చే వానకి మళ్ళీ కనిపిస్తాయి.

నేను చేసిన పద్ధతి ఇది. డిక్కీ పక్కల ప్లాస్టిక్ పలకలు ఊడదీసి లోపలంతా తుడిచి ఆరబెట్టాను. లోపలి రేకు అతుకుల వెంబడి ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లాను. సీట్లు మడిచి, టార్చ్ ఇచ్చి మా అమ్మాయిని లోపల కూర్చోబెట్టాను. తలుపు మూసి బయట నుంచి హోస్ పైపుతో కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వచ్చాను. ముందే పైన పోస్తే అన్నీ తడిసిపోయి ఏ దారో తేలదు. బంపర్ దగ్గర ఏమీ లేదు. లైట్ల దగ్గరా లేదు. పైకప్పు కుడి మూలకి వచ్చేసరికి లోపల నుంచి కేక: “నాన్నా, గీత వస్తోంది!” తెల్లటి పౌడర్ మధ్యలో పెన్సిల్ గీతంత సన్నగా, ముదురు రంగులో నీటి జాడ హింజ్ పక్క నుంచి దిగి, చక్రం పైనున్న రేకు వంపు మీదుగా తిరిగి సరాసరి స్టెప్నీ గుంటలోకి వెళ్తోంది.

ఆ పట్టీని ప్లాస్టిక్ చెక్కతో మెల్లగా లేపితే కింద సీలెంటు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంది. వదులుగా ఉన్నదంతా గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పాలీయురేథేన్ సీమ్ సీలర్ గన్‌తో ఎక్కించి, వేలికి గ్లవుజు వేసుకుని నునుపు చేశాను. వంటగదికి వాడే సిలికాన్ ఇక్కడ వద్దు. దాని మీద పెయింట్ నిలవదు, తర్వాత ఇంకేదీ సరిగా అతకదు. రెండు రోజులు పొడి వాతావరణం చూసుకుని చేయాలి. నవంబరులో అది దొరకడమే కష్టం, నేను పక్కింటాయన గరాజ్ అడిగి పెట్టుకున్నాను. ఎటూ ఊడదీశాను కదా అని వెనక లైట్లకు కూడా నీళ్ళు చొరనివ్వని బ్యూటైల్ టేపు వేశాను.

అద్దాల చెమ్మకు ఇంకో మాట. చలికాలంలో ఏసీ ఎందుకని చాలామంది మన వాళ్ళు ఆపేస్తారు. వేడి గాలితో పాటు ఏసీ కూడా వేయాలి. అది గాలిలో తేమను లాగేస్తుంది. లోపలి గాలే తిరిగే బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టాలి. అద్దాలు లోపలి వైపు శుభ్రంగా తుడిచి ఉంచితే సగం చెమర్పు తగ్గుతుంది. మంచు కరగాలని ఇంజిన్ ఆన్ చేసి ఇంట్లోకి వెళ్ళి టీ తాగడం మాత్రం వద్దు. రోడ్డు మీద ఇంజిన్ నడుస్తున్న కారును వదిలేసి పోవడం చట్టం ఒప్పుకోదు. తాళంచెవి కారులోనే ఉండగా దొంగ ఎత్తుకుపోతే చాలా ఇన్సూరెన్సులు చెల్లించవు కూడా.

జనవరి

రాత్రి గడ్డకట్టే చలి అనగానే గ్రిటర్ లారీలు ఉప్పు చల్లుతూ తిరుగుతాయి. ఈ దేశపు పెద్ద రాతి ఉప్పు గని చెషైర్‌లో విన్స్‌ఫర్డ్ దగ్గర ఉంది, 1844లో తవ్వడం మొదలైంది. ఆ ఉప్పే లేకపోతే ఈ రోడ్ల మీద బండ్లు నిలవవు, అది నిజం. కానీ అదే ఉప్పు నీళ్ళతో కలిసి కారు అడుగున చేరి ఇనుమును తినేస్తుంది. నేను పుట్టి పెరిగింది విశాఖలో. సముద్రపు గాలికి కిటికీ గ్రిల్స్ ఏమైపోతాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేను. ఉప్పు చల్లిన వారాల్లో కారు పైభాగం ఎలా ఉన్నా పట్టించుకోను. చక్రాల గూళ్ళు, సిల్స్ (తలుపుల కింద ఉండే పొడవాటి రేకు అంచులు) కింద, వెనక చక్రాలను కలిపే బీమ్ మాత్రం మామూలు నీళ్ళతో కడుగుతాను.

ఇదే నెలలో ఊరి బయట ఒక పల్లెదారిలో నీళ్ళు నిండిన గుంతలో వెనక చక్రం దిగబడింది. పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, కరిగాక ఆ ఖాళీ మీద లారీలు పోతే తారు ఊడి వస్తుంది. అందుకే జనవరి, ఫిబ్రవరిల్లో గుంతలు పుట్టుకొస్తాయి. ఆ తర్వాత నుంచి స్పీడ్ బ్రేకర్ల మీద వెనక ‘టక్’ అని చప్పుడు. టార్చ్ వేసి చూస్తే ఎడమ స్ప్రింగ్ చివరి చుట్టు విరిగి ఉంది. విరిగిన చోట లోపల అప్పటికే గోధుమ రంగు తుప్పు, ఒక అంచు మాత్రమే కొత్తగా మెరుస్తోంది. అంటే తుప్పు ఎప్పుడో మొదలుపెట్టిన పనిని గుంత పూర్తి చేసింది.

జాజ్ వెనక స్ప్రింగ్ మార్చడం ఇంట్లో చేయగలిగిన పనే. స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ వేర్వేరుగా ఉంటాయి కాబట్టి స్ప్రింగ్ కంప్రెసర్ అక్కర్లేదు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగం యాక్సిల్ స్టాండ్ల మీద నిలిపి, బీమ్ కింద జాకీ పెట్టి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీసి మెల్లగా దించితే స్ప్రింగ్ చేతికి వచ్చేస్తుంది. దించేటప్పుడు బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు లాగినట్టు కాకుండా చూసుకోవాలి. ముందు రాత్రే బోల్టులకు ప్లస్‌గ్యాస్ అనే తుప్పు వదిలించే ద్రవం కొట్టి ఉంచితే పొద్దున పానాకు లొంగుతాయి. ఒకటే విరిగినా రెండూ మార్చాలి. రబ్బరు బుష్ (కుదుపు తగ్గించే రబ్బరు తొడుగు) ఉన్న బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి, లేకపోతే బుష్ మెలి తిరిగి తొందరగా చిరుగుతుంది. చక్రాల నట్లను 108 న్యూటన్ మీటర్ల బిగువుకు బిగించాలి. బిగువు కొలిచే టార్క్ రెంచ్ లేకుండా ఈ పనులకు దిగవద్దు. ముందు చక్రాల స్ప్రింగుల జోలికి మాత్రం నేను వెళ్ళను. అవి షాక్ అబ్జార్బర్‌తో కలిసిన స్ట్రట్‌లో నొక్కిపెట్టి ఉంటాయి, జారితే ప్రాణం మీదికి వస్తుంది.

గుంత గురించి స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్‌కి ఫొటోలు, చోటు, తేదీ, స్ప్రింగుల బిల్లుతో క్లెయిమ్ పెట్టాను. 1980 హైవేస్ చట్టం సెక్షన్ 58 ప్రకారం, తగినట్టుగా రోడ్డును తనిఖీ చేస్తూనే ఉన్నామని చూపగలిగితే కౌన్సిల్ పరిహారం ఇవ్వక్కర్లేదు. అందుకే ఆ రోడ్డు తనిఖీ రికార్డులు సమాచార హక్కు కింద అడిగాను. అదే గుంత గురించి అంతకుముందే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే మన క్లెయిమ్‌కి బలం. కాబట్టి కారుకేమీ కాకపోయినా, గుంత కనిపిస్తే రిపోర్ట్ చేయండి. అది వెనక వచ్చేవాడికి పనికొస్తుంది. మోటార్‌వేలు, పేరు ‘A’ అక్షరంతో మొదలయ్యే పెద్ద రోడ్లయితే ఇంగ్లండ్‌లో నేషనల్ హైవేస్ చూస్తుంది, కౌన్సిల్ కాదు.

ఏప్రిల్

ఉప్పు సీజన్ అయిపోయింది. అడుగు పనికి ఇదే అదను. బ్రేక్ పైపులు నేను ముట్టుకోలేదు, తెలిసిన చిన్న గరాజ్‌కి ఇచ్చాను. వెనక వైపు ఇనుప పైపులు తీసి కాపర్ నికెల్ పైపులు వేశారు, ఇవి తుప్పు పట్టవు. బ్రేక్ ఆయిల్ కూడా కొత్తది పోశారు.

మిగతాది నాది. వైర్ బ్రష్‌తో పొరలుగా లేచిన తుప్పు రాల్చి, మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ పూసి, అది నల్లబడి ఆరాక లానోలిన్ స్ప్రే. లానోలిన్ అంటే గొర్రె ఉన్నిలోని జిడ్డు. మెత్తగా ఉంటుంది, గీత పడినా మళ్ళీ పరుచుకుంటుంది. దట్టంగా నల్ల రబ్బరులా ఉండే అండర్‌సీల్‌ను తుప్పు మీద కొట్టించుకోవద్దని గట్టిగా చెబుతాను. కొన్నాళ్ళకు అది పగిలి, లోపల నీళ్ళు పట్టి, పైకి బాగానే కనిపిస్తూ కింద రేకు కరిగిపోతుంది. సిల్స్ అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి. నా దాంట్లో రెండు మట్టితో పూడిపోయి ఉన్నాయి. ప్లాస్టిక్ జిప్ టై దూర్చి కదిపితే బురద నీళ్ళు కారాయి. ఆరాక పొడవాటి గొట్టంతో లోపల కావిటీ వ్యాక్స్ (బోలు భాగాలకు తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టి, ఆ రంధ్రాలు మళ్ళీ తెరిచి ఉంచాను. బ్రేక్ డిస్కులకు, సైలెన్సర్‌కి కవర్లు చుట్టాకే స్ప్రే డబ్బా ముట్టుకోవాలి.

మే

ఎంఓటీ. కారుకు గరిష్ఠ ఫీజు 54 పౌండ్ల 85 పెన్నీలు, అంతకంటే ఎక్కువ అడగకూడదు, తక్కువకు చేసేవాళ్ళు చాలామంది. గడువుకు నెల ముందు నుంచి చేయించినా పాత తేదీ అలాగే ఉంటుంది, ఏమీ నష్టపోం. రిపేర్లు చేయకుండా టెస్టు మాత్రమే చేసే కౌన్సిల్ సెంటర్లు కొన్ని ఊళ్ళలో ఉన్నాయి. లేని లోపం చూపిస్తారేమోనన్న టెన్షన్ ఉన్నవాళ్ళకు అవి మంచి దారి.

ముందు రోజు సాయంత్రం లైట్లన్నీ చూశాను. నంబర్ ప్లేట్ బల్బు పోయి ఉంది. షాపులో 501 అని అడిగితే చాలు, ఇక్కడ బల్బులకు అవే పేర్లు. జాజ్ హెడ్‌లైట్‌కి వేసే హెచ్4 రకం బల్బు కావాలంటే 472. టైరు గాడి లోతు మధ్య ముప్పావు వెడల్పులో, చుట్టూ, కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. 20 పెన్స్ నాణెం గాడిలో నిలబెడితే దాని బయటి అంచు కనిపించకూడదు. ఒక్కో అరిగిన టైరుకు లైసెన్సు మీద మూడు పాయింట్లు, 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. పొద్దున ఏ33 రోడ్డు మీదుగా ఎం4 మోటార్‌వే ఎక్కి కొంత దూరం నడిపి, ఇంజిన్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కాక సెంటర్‌కి తీసుకెళ్ళాను. చల్లటి కన్వర్టర్‌తో పొగ టెస్టుకు వెళ్తే అనవసరంగా ఫెయిలయ్యే అవకాశం ఉంది.

పాసయింది. బ్రేక్ పైపుల మాట ఈసారి కాగితంలో లేదు. అడ్వైజరీ ఒక్కటే: ముందు ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది కడ్డీ) వెనక బుష్‌లో పగుళ్ళు. విడి బుష్ నొక్కించడానికి ప్రెస్ కావాలి, బుష్‌తో సహా మొత్తం ఆర్మ్ దొరుకుతోంది, రెండు వైపులకీ ఆర్డర్ పెట్టాను. ఆర్మ్‌లు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, ఆ ఖర్చుతో సహా తర్వాతి లాగ్‌లో రాస్తాను.