ర్యాంకున్న కాలేజీని ఆప్షన్లలోంచే తీసేశాం: మా అమ్మాయి సీఎస్ఈ సీటు కథ

మా అమ్మాయి సీటు ఖరారైంది. ఒంట్లో మంట చల్లారకముందే రాస్తున్నా. నాది మిర్యాలగూడలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. ఏటా ఇంజనీరింగ్ సీట్లకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే మా చుట్టుపక్కల పిల్లల వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ కావాలో వరసగా పెట్టే జాబితాలు, చాలావరకు నా చేతి మీదుగానే వెళ్తాయి. నేను పెట్టిన ఆప్షన్ల వల్ల సీటు పోయిందని ఇప్పటిదాకా ఎవరూ నా మీదికి రాలేదు.

స్లాట్ బుకింగ్‌కు 1,200 కట్టాం, హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు చూపించాం, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాం. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం పాతది పనికిరాదు. ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసింది ఉండాలి, మీసేవలో ముందే అప్లై చేసుకోండి.

అసలు చిక్కు ర్యాంకు దగ్గర వచ్చింది. 14 వేలు దాటింది. మేం బీసీలం. 10 వేల లోపు వస్తే ఫీజంతా ప్రభుత్వమే ఇస్తుంది, దాటితే ఏడాదికి 35 వేలే. మిగతాది మనమే పెట్టుకోవాలి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఈ నాలుగేళ్లు డబ్బు సంగతి ఆలోచించకు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకున్న దాంట్లోనే వెయ్" అని పట్టుబట్టాడు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అంటే కేంద్ర ప్రభుత్వం కాలేజీలకు ఇచ్చే ర్యాంకు. చెప్పడానికేం, వాడికి నెల తిరిగేసరికి జీతం పడుతుంది. వాడు చెప్పిన కాలేజీ ఫీజు 1,40,000. రీయింబర్స్‌మెంట్ పోగా నాలుగేళ్లకు మా మీద పడేది 4,20,000. నేను చూసుకున్న ఇంకో కాలేజీ ఫీజు 75 వేలు. అక్కడైతే 1,60,000తో అయిపోతుంది. హాస్టల్ ఖర్చు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే.

సరే, ఎందుకైనా మంచిది, ఒకసారి చూసొద్దామని అమ్మాయిని తీసుకుని ఆ ర్యాంకు కాలేజీకి వెళ్లా. గేటు దగ్గరే పెద్ద హోర్డింగు. ఒక అబ్బాయి ఫొటో, కింద 44 లక్షల ప్యాకేజీ. లోపల మేనేజ్‌మెంట్ కోటా వాళ్లను ఏసీ గదిలో కూర్చోబెట్టి టీలు ఇస్తున్నారు. మాది కన్వీనర్ కోటా అనగానే మెట్ల పక్కనున్న బెంచీ చూపించారు. మా తర్వాత వచ్చినవాళ్లు పని చూసుకుని వెళ్లిపోయాక మమ్మల్ని పిలిచారు.

కౌంటర్‌లో ఉన్న మేడమ్ కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండానే, "రీయింబర్స్‌మెంట్ ఉందా?" అంది.

"ఉందండీ, 35 వేలు."

"అయితే ఆ 35 కూడా ముందే కట్టాలి. గవర్నమెంట్ వేస్తే తిరిగిస్తాం."

"రసీదు ఇస్తారా?"

"దానికి రసీదు ఉండదు."

అప్పటికీ ఓపిక పట్టి, "పాసైనవాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యలో ఉన్నవాడికి జీతం ఎంత పడుతోంది చెప్తారా?" అని అడిగా. అప్పుడు ఎత్తింది తల. "అవన్నీ మీకెందుకండీ? రీయింబర్స్‌మెంట్ క్యాండిడేటే కదా, సీటొస్తే చాలనుకోవాలి." హాలంతా వినపడేలా అంది. వెనకాల నిలబడ్డవాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. టేబుల్ మీద పెట్టిన ర్యాంకు కార్డు తీసి ఫైల్లో పెట్టేసుకుంది. బస్సులో మిర్యాలగూడ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరూ పెట్టే భిక్ష కాదు. పిల్ల ర్యాంకు కొట్టి తెచ్చుకున్న సీటుకు వచ్చే డబ్బు. ప్రభుత్వం బకాయిలు పెడుతున్న మాట నిజమే, కాలేజీలు బంద్‌లు కూడా చేశాయి. ఆ కోపం సెక్రటేరియట్ దగ్గర చూపించుకోవాలి గానీ, పద్దెనిమిదేళ్ల పిల్ల మీదనా?

ఆమె చెప్పకపోతే ఏం, వాళ్ల వెబ్‌సైటే చెప్పింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు పంపిన వివరాలను కాలేజీలు తమ సైట్‌లో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకు పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం (మధ్యలో ఉన్నవాడి జీతం) ఎంత, అన్నీ ఉంటాయి. రాత్రి షాపు కట్టేశాక రెండు కాలేజీలవీ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టా. 44 లక్షల కాలేజీలో మీడియన్ నాలుగున్నర లక్షలు. రెండోదాంట్లో నాలుగు లక్షలు. అవి బ్రాంచీల వారీగా ఉండవు, అన్నీ కలిపిన లెక్క. అయినా హోర్డింగు కంటే నయం. పైగా కాలేజీ ఇచ్చుకున్న అంకెలే, కాబట్టి అసలు సంగతి అంతకంటే తక్కువే ఉండొచ్చు అనుకుని చదవండి.

ఇంతకీ ఆ ర్యాంకు ఎలా ఇస్తారో చూశా. నూటికి 30 పరిశోధన కింద పోతుంది, అంటే పేపర్లు, పేటెంట్లు లాంటివి. ఇంకో 10 తోటి అధ్యాపకుల్లో, కంపెనీల్లో ఉన్న పేరుకు. పాసవడం, ఉద్యోగాలు లాంటివాటికి 20. ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఆ 30 కావాలేమో. ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్ నేర్చుకునే మా పిల్లకు దానికోసం 2,60,000 ఎక్కువ పెట్టాలా? నా మటుకు నేను చూసింది సీఎస్ఈకి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా లేదా అని. అది చదువు నాణ్యత చూసి బ్రాంచీకి ఇచ్చేది, కాలేజీ మొత్తానికి కాదు. రెండోదాంట్లో ఉంది.

వెబ్ ఆప్షన్లలో ఆ ర్యాంకు కాలేజీని అసలు పెట్టలేదు. కింద ఎక్కడో పడేద్దామంది మా ఆవిడ. వద్దన్నా. పెడితే సీటు వచ్చే ప్రమాదం ఉంది. మొదటి విడతలోనే రెండో కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. కట్టాల్సింది ఆన్‌లైన్‌లో కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేసేశాం. బామ్మర్దికి పీడీఎఫ్‌లు రెండూ వాట్సాప్‌లో పెట్టా. చూశాడు గానీ ఇంకా ఏమీ అనలేదు.