పేరు ఒకటే, స్టైలు వేరు

ఈరోజంతా ఆటోక్యాడ్ (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) ముందే కూర్చున్నా, కొత్తగా గీసింది ఒక్క గీత కూడా లేదు. వేర్వేరు చేతుల మీదుగా వచ్చిన డ్రాయింగులన్నిటికీ ఒకే డైమెన్షన్ స్టైలు, అంటే కొలతలు కనిపించే తీరు, పెట్టాలి. ఒకదాంట్లో కొలతల చివర బాణాలు, ఇంకోదాంట్లో ఏటవాలు గీతలు, మరోదాంట్లో చీమ తలంత అంకెలు.

కంట్రోల్ 2 నొక్కితే డిజైన్ సెంటర్ వస్తుంది. బాగా కుదిరిన డ్రాయింగు అందులో వెతుక్కుని, దాని డైమెన్షన్ స్టైళ్లు, టెక్స్ట్ స్టైళ్లు, లేయర్లు (గీతల్ని విడదీసి ఉంచే పొరలు) ఇవతలి డ్రాయింగులోకి లాగేయొచ్చు. ఆ ఫైలు తెరవనక్కర్లేదు కూడా. ఆటోక్యాడ్ 2000 నుంచీ ఉన్న సదుపాయమే. అయినా ప్రతి డ్రాయింగులోనూ సెట్టింగులు మొదటినుంచి పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎందుకో మరి.

చిక్కంతా పేర్లతోనే. మనం లాగిన స్టైలు పేరుతో ఇక్కడ ముందే ఒకటి ఉంటే, ఆటోక్యాడ్ కొత్తదాన్ని పట్టించుకోదు. అందరూ ఆటోక్యాడ్ ఇచ్చిన ఐఎస్ఓ-25 అన్న స్టైలు పేరు అలాగే ఉంచి, లోపల ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకున్నారు. ఇక లాగి ఏం లాభం? ముందు పాతదాని పేరు రీనేమ్‌తో మార్చి, ఆ తర్వాత కొత్తది తెచ్చాను. పాత కొలతలు పేరు మారినా ఆ స్టైలునే అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి, క్విక్ సెలెక్ట్‌తో ఏరి కొత్తదానికి మార్చాలి.

ఇంతా చేస్తే అంకెల ఫాంటు వేరే! డైమెన్షన్ స్టైలు తన అక్షరాల కోసం ఒక టెక్స్ట్ స్టైలు మీద ఆధారపడుతుంది. ఇక్కడ అది స్టాండర్డ్ అనే టెక్స్ట్ స్టైలు. స్టాండర్డ్ లేని డ్రాయింగంటూ ఉండదు, దాని ఫాంటు మాత్రం ఒక్కోచోట ఒక్కోటి; పేరు ఒకటే కాబట్టి అదీ లాగితే రాదు. టెంప్లేటులో (కొత్త డ్రాయింగు మొదలుపెట్టే నమూనా ఫైలులో) స్టాండర్డ్‌ని ముట్టుకోకుండా సొంత పేర్లతో స్టైళ్లు చేసుకోమని నేను పోరేది ఇందుకే.

యూనిట్ల గోల ఇంకోటి. అక్షరం ఎత్తు 2.5, స్కేలు 100 అంటే రెంటినీ గుణించి అంకె ఎత్తు 250 యూనిట్లు. మిల్లీమీటర్ల డ్రాయింగులో చక్కగా ఉంటుంది. అదే స్టైలు మీటర్లలో గీసిన సైట్ ప్లాన్‌లోకి తెచ్చేసరికి ఒక్కో అంకె 250 మీటర్లు, స్థలం దాని కింద ఎక్కడో! స్కేలు 0.1 చేసి, వేరే పేరుతో దాచాను.

చివర్లో పర్జ్ (వాడనివాటిని తీసేసే కమాండ్) కొడితే ఒక పాత స్టైలు పోనంది. ఏదో బ్లాక్ (ఒకటిగా కట్టి పెట్టిన బొమ్మ) లోపల దాన్ని వాడిన కొలత ఉందన్నమాట. బ్లాకులు ఒక్కొక్కటీ తెరిచి దాన్ని పట్టుకునేసరికి సాయంత్రమైంది. సెక్షన్ల ఫైళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, రేపు చూడాలి.