ఆవ ఘాటు, నిన్నటి చికెన్

మొన్న ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమే, నువ్వు ఆ సూక్ష్మజీవుల చదువే కదా చదివావు, రాత్రి చికెన్ కూర గిన్నె ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయాను, ఇప్పుడు బాగా మరిగించి రెండు చుక్కలు వాము నూనె వేస్తే తినొచ్చా? ఏ పురుగైనా చచ్చిపోతుందని వాట్సాప్‌లో వచ్చింది" అంది. వద్దు పెద్దమ్మా, పారబోసెయ్ అన్నాను. ఎందుకో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆ మెసేజ్ మొత్తం అబద్ధమూ కాదు. ఎమ్మెస్సీలో ఉండగా స్టఫైలోకాకస్ అనే బాక్టీరియాను పెంచిన ల్యాబ్ ప్లేటు మీద వాము నూనెలో ముంచిన చిన్న కాగితం బిళ్ళ పెట్టి, మర్నాడు చూస్తే దాని చుట్టూ ఏమీ మొలవకుండా గుండ్రంగా ఖాళీ! వాములో ఉండే థైమాల్ బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తుంది, లోపలి సరుకంతా బయటికి కారిపోయి అది చస్తుంది. ఇ.కోలై, సాల్మొనెల్లా లాంటి బాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటుంది కాబట్టి అవి మామూలుగా ఎక్కువ తట్టుకుంటాయి. లవంగంలో యూజెనాల్‌దీ దాదాపు ఇదే పని.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆవాల కథ. ఎండు ఆవగింజలో ఘాటు ఉండదు, ఘాటు తయారయ్యే సరుకు మాత్రమే ఉంటుంది. గింజ నలిగి తడి తగిలాక లోపలి ఎంజైమ్ ఆ సరుకును విడగొడితే, కళ్ళలో నీళ్ళు తెప్పించే ఆ నూనె అప్పటికప్పుడు పుడుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఆ ఘాటు రాదు, ఎందుకంటే వేడికి ఎంజైమ్ పోతుంది. పనసపొట్టు కూర దించాకే అమ్మ ఆవ ఎందుకు కలుపుతుందో నాకు క్లాసులో అర్థమైంది, ఆ రోజు ఎంత సంతోషం వేసిందో! ఈ నూనె ఆవిరి కూడా బూజును, బాక్టీరియాను అణిచేస్తుంది. అలాగని ఆవకాయ ఏడాది నిలవుండేది ఒక్క ఆవపిండి వల్ల కాదు, మామిడి పులుపు, ఉప్పు, పైన తేలే నూనె అన్నీ కలిసి కాపలా కాస్తాయి.

చికెన్ కూరలో ఆ కాపలా లేదు. పైగా ప్లేటు మీద పనిచేసిన థైమాల్ కూరలోకి వెళ్ళేసరికి కొవ్వులో కరిగిపోతుంది, మాంసకృత్తులకు అతుక్కుపోతుంది, బాక్టీరియా దాకా చేరేది కొంచెమే. చాలినంత చేరాలంటే ఎంత పొయ్యాలంటే, ఆ కూర నోట పెట్టలేం. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద గిన్నెలో కూర మెల్లగా చల్లారుతున్నప్పుడు, ఉడికినా చావని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే బాక్టీరియా, మొలకెత్తి రాత్రంతా పెరుగుతాయి. స్టఫైలోకాకస్ గనక పడి పెరిగితే అది వదిలిన విషం మరిగించినా పోదు. బాక్టీరియా చచ్చినా విషం గిన్నెలోనే ఉంటుంది, దాన్ని వాము నూనె ఏమీ చెయ్యలేదు. దయచేసి పిల్లలకు అలాంటి కూర పెట్టకండి, అరుగుతుందని లవంగ నూనె తాగించకండి, చిన్నపిల్లల్లో అది కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి.

ఇంకొకటి, వెల్లుల్లి. అదీ సూక్ష్మజీవుల్ని చంపేదే, కానీ 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిలవ చేసిన వెల్లుల్లి వల్లే 36 మందికి బొట్యులిజం, అంటే బాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చింది. నూనె కింద గాలి ఆడదు, పులుపు లేదు, ఫ్రిజ్‌లో పెట్టలేదు, ఆ జబ్బు తెచ్చే బాక్టీరియాకు కావలసింది సరిగ్గా అదే. ఈ మధ్య చాలామంది వెల్లుల్లి ఒలిచి నూనెలో వేసి గట్టు మీద ఉంచేస్తున్నారు. పులుపు పట్టించని వెల్లుల్లి అయితే ఫ్రిజ్‌లోనే పెట్టండి, నాలుగు రోజుల్లో వాడెయ్యండి. సాయంత్రం పెద్దమ్మకు మళ్ళీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, కూర పారబోసిందట, వెల్లుల్లి సీసా మాత్రం గట్టు మీదే ఉందట.