ట్యాంకు దగ్గర మొదలుపెట్టు

మన కాలేజీ పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగారు. హాస్టల్ మెస్ గురించి, ర్యాంకుల గురించి, రైలు కాంపార్ట్‌మెంట్లలో పాడిన పాటల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఆటోమొబైల్ బ్రాంచి వాడిని కాబట్టి నేను డీజిల్ ల్యాబ్ గురించి రాస్తాను. అదీ టెక్సాస్‌లో ఒక పాత పికప్ ట్రక్కు మీదుగా.

1990ల చివర్లో చదివినవాళ్లకు ఆ రేకుల షెడ్డు గుర్తుండే ఉంటుంది. స్టాండు మీద ఒక లేలాండ్ ఇంజిను, సగానికి కోసి లోపల కనబడేలా పెట్టిన మైకో కంపెనీ ఇన్‌లైన్ (సిలిండరుకొక ప్లంజరు వరసగా ఉండే) ఇంజెక్షన్ పంపు, గోడ పక్కన చేత్తో కొట్టే నాజిల్ టెస్టర్. వీటన్నిటి మధ్య మా ఇన్‌స్ట్రక్టర్ గారు. ఉద్యోగంలోకి రాకముందు విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే పంపు రూములో పనిచేసిన మనిషి. క్లాసుకి మేం వచ్చేలోగా ఇంజినులో ఏదో ఒక తేడా చేసి పెట్టేవారు. ఒకసారి ట్యాంకు మూత గాలి రంధ్రంలో మైనం కూరారు. ఇంజిను స్టార్టయి చక్కగా తిరిగి, కాసేపటికి నీరసించి ఆగిపోయేది. అందరూ ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీద పడ్డాం. ఆయన వచ్చి మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. "ఏరా, పానా పట్టుకునే ముందు చెవి పెట్టొద్దూ?" అన్నారు.

ఆయన నియమం ఒక్కటే. ఏం కొలిచావో చెప్పకుండా పానా ముట్టుకోకూడదు. కొలవడం కూడా ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, డీజిల్ నడిచే దారినే నడవాలి. ఎఫ్ఐపీ, అంటే సిలిండర్లకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు, విప్పడం చివరి పని. ఎందుకంటే అది ఖరీదైనది, పైగా చాలాసార్లు తప్పు దానిది కాదు. దానికి డీజిల్ అందదు, నింద మాత్రం అదే మోస్తుంది.

డబ్బా పద్ధతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. లారీ లాగడం లేదంటే క్యాబిన్ పైన ఒక డబ్బా కట్టి, శుభ్రమైన డీజిల్ పోసి, రబ్బరు గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకి ఇవ్వడం. అప్పుడు బండి బాగా నడిస్తే రోగం ట్యాంకులోనో, ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే లైనులోనో ఉన్నట్టు. నడవకపోతే ముందుకి వెళ్లాలి. సగం బండిని ఒక్క దెబ్బతో అనుమానం నుంచి తప్పించే పరీక్ష ఇది. ఆటోనగర్‌లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసినప్పుడు దీన్ని రోజూ చూశాను.

ఇక ట్రక్కు సంగతి. నేను హ్యూస్టన్ దగ్గర ఒక ఫ్లీట్ మెయింటెనెన్స్ షాపులో చేస్తున్నాను. అక్కడ వెల్డింగ్ చేసే పెద్దాయనకి 2001 నాటి డాడ్జ్ రామ్ 2500 ఉంది. 5.9 లీటర్ల కమ్మిన్స్, ఆరు సిలిండర్లు, 24 వాల్వులు. ఈ ఇంజిన్ల మీద అక్కడివాళ్లకున్న అభిమానం మనవాళ్లకి చెబితే నమ్మరు. 1994 నుంచి 1998 దాకా వచ్చిన 12 వాల్వుల మోడల్‌లో బాష్ పీ7100 ఇన్‌లైన్ పంపు ఉంటుంది. మన ల్యాబ్‌లో కోసి పెట్టిన పంపుకి పెద్దన్న లాంటిది, మొత్తం మెకానికల్. 1998 మధ్యలో వచ్చిన 24 వాల్వుల ఇంజినుకి వీపీ44 అనే రోటరీ పంపు పెట్టారు. దాని నెత్తి మీద ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. 2003 మోడల్ నుంచి కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ ఇచ్చే పద్ధతి.

వీపీ44 గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ పంపుకి వెళ్లే డీజిల్‌లో చాలా భాగం సిలిండర్లలోకి పోదు. పంపుని చల్లబరిచి, కదిలే భాగాలకి నూనెలా పనిచేసి, ట్యాంకుకి తిరిగొస్తుంది. దాని ఓవర్‌ఫ్లో వాల్వు 14 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ప్రెషర్ కొలత) దగ్గర తెరుచుకుంటుంది. లిఫ్ట్ పంపు (మన ఫీడ్ పంపుకి అక్కడి పేరు) నీరసించి ఆ ప్రెషర్ రాకపోతే చల్లదనం తగ్గుతుంది. ఎంత లోడు మీదైనా 10 పీఎస్‌ఐకి, అంటే మన లెక్కలో సుమారు 0.7 బార్‌కి, తగ్గనివ్వకూడదని ఈ బళ్లు నడిపేవాళ్లు గట్టిగా పట్టుకునే అంకె. కొత్త వీపీ44 వెయ్యి డాలర్లు దాటుతుంది, కాబట్టి ఆ పట్టుదల అర్థం చేసుకోదగ్గదే.

పెద్దాయన ట్రక్కు కంపెనీ నుంచి వచ్చినట్టు లేదు. అంతకుముందు ఇద్దరు యజమానులు, ఎవరో ఒక షాపు వాళ్లు దాన్ని తలో చేయీ వేసి మార్చారు. పెద్ద నాజిళ్లున్న ఇంజెక్టర్లు, డీజిల్ ఎక్కువ పోయించే ట్యూనర్ బాక్సు, ఇంజిను పక్కనున్న పాత లిఫ్ట్ పంపు తీసేసి చాసిస్ మీద పెద్ద ఎలక్ట్రిక్ పంపు, అరంగుళం లైన్లు, ట్యాంకులోంచి డీజిల్ లాగే కొత్త సక్షన్ గొట్టం. ఇలాంటి బండితో చిక్కేమిటంటే సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న బొమ్మకీ, కింద ఉన్న పైపులకీ సంబంధం ఉండదు. ఎవరు ఏం మార్చారో రాసిపెట్టరు. చాసిస్ కింద పడుకుని, టార్చ్ లైటుతో ప్రతి గొట్టం వెంటా పోయి మన బొమ్మ మనం గీసుకోవాలి. నేను అదే చేశాను. ఆ కాగితం ఇప్పటికీ ఆయన గ్లోవ్ బాక్సులో ఉంది.

కంప్లయింట్ ఇది. ట్యాంకు నిండుగా ఉంటే బండి బాగుంటుంది. సగానికి దిగాక ట్రెయిలర్ తగిలించి ఆస్టిన్ అవతల కొండ దారులెక్కితే మిస్ కొడుతుంది, లాగదు. రాత్రంతా ఆపి పొద్దున సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగితే గానీ అందుకోదు. ఒక గ్యారేజీలో ఇంజెక్షన్ పంపు పోయిందన్నారట. మార్చడానికి కొటేషన్ కూడా ఇచ్చారు. పెద్దాయన టెన్షన్ అంతా ఆ కాగితం గురించే.

ముందు స్కానర్ పెట్టాను. వీపీ44 లోపల టైమింగ్ పాడైతే పీ0216 కోడ్ వస్తుంది. అది లేదు. లేకపోయినంత మాత్రాన పంపు మంచిదని కాదు గానీ, దాని జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదని అర్థం. తర్వాత ట్యూనర్ బాక్సుని పూర్తిగా తీసేసి నడిపించాను. మార్చిన బండికి ఇది మొదట్లోనే చేయాల్సిన పని. బాక్సు లేకుండా కూడా మిస్ కొట్టింది, కాకపోతే కొండ మరికాస్త పైకెక్కాక. ఇంజిను అడిగినంత డీజిల్ అందడం లేదు, తక్కువ అడిగితే ఆలస్యంగా బయటపడుతోంది.

గాజు సీసాలో కొంచెం డీజిల్ పట్టి వెలుతురుకి పెట్టి చూశాను. ఇది ల్యాబ్ అలవాటే. మన దగ్గర రేషన్ కిరోసిన్‌లో నీలం రంగు కలిపేవారు కదా, కల్తీ డీజిల్‌ని ఇన్‌స్ట్రక్టర్ గారు రంగు, వాసన బట్టే పట్టేసేవారు. అమెరికాలో పొలం పనులకి పన్ను లేకుండా అమ్మే డీజిల్‌కి ఎర్ర రంగు కలుపుతారు. అది రోడ్డు మీద తిరిగే బండి ట్యాంకులో దొరికితే జరిమానా గట్టిగానే ఉంటుంది. పెద్దాయన సీసా వైపు చూసి ముందే నవ్వాడు. ఎరుపేం లేదు, నీళ్లు లేవు, అడుగున మడ్డీ లేదు.

ఇంజెక్షన్ పంపు ముఖద్వారం దగ్గర మెకానికల్ గేజ్ బిగించి, గొట్టం బయటి నుంచి తెచ్చి వైపర్ దగ్గర టేపుతో అంటించాం. డీజిల్ మోసే గొట్టాన్ని క్యాబిన్ లోపలికి తేకూడదు, అది గట్టిగా చెబుతున్నాను. గేజ్‌కి ముందు ఒక చిన్న నీడిల్ వాల్వు పెట్టి దాదాపు మూసినట్టుంచాలి, లేకపోతే పంపు దడకి ముల్లు నాలుగు రోజుల్లో పాడవుతుంది. ఐడ్లింగ్‌లో 15 చూపించింది. అక్కడే ఆగితే అంతా బాగున్నట్టే. ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కుతుంటే 5కి పడింది. నిలబెట్టిన బండి మీద ప్రెషర్ చూసి పాసు చేయడం ఎందుకు పనికిరాదో దీన్ని బట్టే తెలుస్తుంది. గేజ్ చూపేది ప్రెషర్ ఒక్కటే. కావాల్సింది పరిమాణం, అది లోడు పడితేనే బయటికొస్తుంది.

లిఫ్ట్ పంపుకి కరెంటు సరిగా వెళుతోందా చూశాను. పంపు కనెక్టరు దగ్గర, పంపు నడుస్తుండగా కొలిస్తే బ్యాటరీ వోల్టేజీకి అరవోల్టు లోపే తేడా. ఎర్త్ బాగుంది, రిలే బాగుంది.

ఇక డబ్బా. ఐదు గ్యాలన్ల క్యాన్‌ని ట్రక్కు తొట్టిలో తాడుతో కట్టి, లిఫ్ట్ పంపు సక్షన్‌ని దానిలోకి ఇచ్చాను. రిటర్న్ లైను కూడా క్యాన్‌లోకే తిప్పాలి. తిరిగొచ్చేది అంత ఎక్కువ కాబట్టి, తిప్పకపోతే క్యాన్ కొండ ఎక్కేలోపే ఖాళీ. పెద్దాయన ఇదంతా చూసి, ఇది ఏ కాలేజీలో నేర్పారని అడిగాడు. చెప్పాను. పేరు పలకడానికి కాస్త అవస్థ పడ్డాడు. అదే ఎత్తు, అదే ట్రెయిలర్, ముల్లు 12 దగ్గర నిలబడింది. క్యాన్ పంపు కంటే ఎత్తులో ఉండటం వల్ల కొంత సాయం ఉంటుంది, అది తీసేసినా తేడా చాలా స్పష్టం. లిఫ్ట్ పంపు నుంచి ముందుకి అంతా నిర్దోషి. రోగం ట్యాంకు వైపే.

మళ్లీ ట్యాంకుకి కలిపి, పంపుకి ముందు ఒక అడుగు పారదర్శకమైన గొట్టం వేశాం. ఇంజిను నడుస్తుంటే అందులో సన్నగా బుడగలు. సక్షన్ వైపు లీకుకి ఇదే గుణం, డీజిల్ కారదు, గాలి లాగుతుంది. కింద చుక్క కూడా పడదు కాబట్టి ఎవరూ అనుమానించరు. రాత్రి బండి ఆగినప్పుడు ఆ సందులోంచి గాలి చేరి, లైనులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు తిరగడానికి కారణం అది. చాసిస్ మీద ఒక బ్రాకెట్ అంచుకి రాసుకుని గొట్టం ఒకచోట అరిగి ఉంది. అక్కడ గొట్టం మార్చి, పైన తొడుగు వేసి, క్లిప్పులు కొత్తవి బిగిస్తే పొద్దుటి సమస్య పోయింది. బుడగలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

మిగిలింది ట్యాంకు లోపల. ఈ ట్రక్కులకి ట్యాంకు దించడం కంటే తొట్టి బోల్టులు విప్పి ఒక పక్కకి ఎత్తి ఆపడం తేలిక. పైన మూత తీసి టార్చ్ వేస్తే రెండు తప్పులు కనబడ్డాయి. కొత్త సక్షన్ గొట్టం చివర నేరుగా కోసి, ట్యాంకు అడుగుకి ఆనించారు. దానికి ఏటవాలు కోత ఉండాలి, లేదా అడుగుకి కాస్త ఎడం ఉండాలి. ట్యాంకు కొంచెం వంగినా నోరు మూసుకుపోతుంది. రెండోది, రిటర్న్ పైపు ఆ గొట్టం పక్కనే, పైనుంచి వదిలేశారు. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు రిటర్న్ డీజిల్ మునిగే పడుతుంది. సగానికి దిగాక పైనుంచి ధారగా పడి నురగ లేస్తుంది, ఆ నురగనే పక్కనున్న గొట్టం తాగుతుంది. "సగం ట్యాంకు దాటితేనే" అన్న మాటకి జవాబు అక్కడుంది. కస్టమరు చెప్పిన లక్షణాన్ని వివరించలేని మరమ్మతు మరమ్మతు కాదని నా అభిప్రాయం.

గొట్టం చివర ఏటవాలుగా కోసి అడుగుకి ఎడం ఇచ్చాం. రిటర్న్‌ని ట్యాంకు రెండో చివరికి జరిపి, అడుగు దాకా దించాం. తర్వాత పావు ట్యాంకు మీద కూడా ఎత్తు ఎక్కితే ముల్లు 11కి తగ్గలేదు. ఇంజెక్షన్ పంపు పాతదే ఉంది.

కొత్త బళ్ల గురించి రెండు మాటలు. 2010 తర్వాతి ట్రక్కుల్లో పొగ వడపోత పరికరాలు పీకేసి, ఆ తేడా తెలియకుండా కంప్యూటర్ మార్చినవి అక్కడ చాలా కనబడతాయి. ఒక దశాబ్దంలో ఐదున్నర లక్షలకి పైగా డీజిల్ పికప్‌లకి అలా చేశారని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. నేను అలాంటి పని ముట్టుకోను. అడిగినవాళ్లకి ఆ మాటే చెబుతాను, కొందరికి కోపం వస్తుంది. ఇంకొకటి, ఈ కామన్ రైల్ ఇంజిన్లలో 1600 బార్, అంతకి మించిన ప్రెషర్ ఉంటుంది. మన నాజిల్ టెస్టర్ 200 కిలోల ప్రెషర్ దగ్గర కొట్టినప్పుడే చేయి అడ్డం పెడితే ఇన్‌స్ట్రక్టర్ గారు వీపు మీద ఒక్కటిచ్చేవారు, డీజిల్ చర్మంలోకి దూరుతుందని. ఇప్పుడు లీకు వెతకాలంటే అట్టముక్క పట్టాలి, చేయి కాదు.

మన ల్యాబ్‌కి కామన్ రైల్ టెస్ట్ బెంచి కొనాలని పూర్వ విద్యార్థుల కమిటీ అనుకుంటోందని విన్నాను. తప్పకుండా కొనండి, నా వాటా పంపుతాను. దాంతోపాటు లిస్టులో ఒక లో ప్రెషర్ గేజ్ సెట్టు, నాలుగు మీటర్ల పారదర్శక డీజిల్ గొట్టం, మూతకి రెండు నిపుల్స్ బిగించిన డబ్బా ఒకటి కూడా రాసుకోండి. బెంచి ఖర్చు పక్కన వాటి ధర లెక్కలోకి రాదు. పాత లేలాండ్ ఇంజినుని మాత్రం స్క్రాపుకి వేయొద్దు. మైనం కూరడానికి మూత ఉన్న ఇంజిను పిల్లలకి ఇంకొకటి దొరకదు.